బేస్ హెడ్ కొనేముందు వోల్టులు చూడండి, వాట్లు ఆ తర్వాత

1969లో అమెరికాకు చెందిన యాంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే బేస్ యాంప్లిఫయర్ హెడ్ (స్పీకర్లు లేని విడి యాంప్లిఫయర్) తయారు చేసింది. సామర్థ్యం 300 వాట్లు, లోపల 14 వాల్వులు. రోలింగ్ స్టోన్స్ బృందం ఆ ఏడాదే దాన్ని తమ అమెరికా పర్యటనకు తీసుకెళ్లింది. పెద్ద స్టేజీ మీద బేస్ గిటార్ ఎలా మోగాలో చెప్పడానికి అప్పట్నుంచి చాలామందికి అదే కొలత. దాని వారసుడు ఎస్‌వీటీ సీఎల్ హెడ్ ఒక్కటే దాదాపు 36 కిలోలు. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది బిగించిన జోడీ క్యాబినెట్ మరో 63 కిలోలు. రెండూ కలిపితే దాదాపు క్వింటాలు.

ఇవాళ ట్రేస్ ఇలియట్ ఎల్ఫ్ అనే హెడ్ 200 వాట్లు ఇస్తుంది, బరువు ముప్పావు కిలో కూడా లేదు. వార్విక్ నోమ్‌దీ అంతే సామర్థ్యం, బరువు కిలో లోపు. గాలియన్ క్రూగర్ ఎంబీ200 కిలోకు అటూ ఇటూ ఉంటుంది. 500 వాట్లు కావాలంటే అగిలార్ టోన్ హామర్ 500 కిలో ఎనిమిది వందల గ్రాములు, మార్క్‌బేస్ లిటిల్ మార్క్ 3 అయితే 2.9 కిలోలు. ఉస్మానియాలోనో, పక్కనే ఉన్న ఇఫ్లూలోనో చదువుతూ, తార్నాకలో గది తీసుకుని, శనివారం సాయంత్రం మాదాపూర్ కెఫేలో, ఆదివారం పొద్దున సికింద్రాబాద్ చర్చిలో బేస్ వాయించే కుర్రాడికి ఈ అంకెలు చాలా పెద్ద మేలు చేశాయి. గిటార్ వీపుకు తగిలించుకుని, హెడ్ బ్యాగులో పడేసుకుని తార్నాక స్టేషన్లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే హైటెక్ సిటీ దాకా ఎవరి సాయమూ అక్కర్లేదు.

బరువు సమస్య తీరిపోయింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ల చూపంతా వాట్ల మీదే ఉంటోంది. 300 కన్నా 500 మేలు, 500 కన్నా 800 మేలు అనుకుంటున్నారు. మన దగ్గర తేలికపాటి హెడ్ పదేళ్లు పనిచేస్తుందా, పది వారాల్లో పోతుందా అన్నది మాత్రం ముందు గోడ సాకెట్‌లోని వోల్టుల మీద, ఆ తర్వాత క్యాబినెట్ వెనక రాసి ఉన్న ఓమ్‌ల మీద ఆధారపడి ఉంటుంది. వాట్లది మూడో స్థానం. ఎందుకో లెక్కలతోనే చూద్దాం.

ముందు బరువు ఎలా తగ్గిందో తెలియాలి, ఎందుకంటే బరువు తగ్గించిన పద్ధతిలోనే దాని బలహీనత కూడా ఉంది. పాత యాంప్‌లో బరువంతా ఇనుము, రాగితో చేసిన ట్రాన్స్‌ఫార్మర్లదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అంత నెమ్మదిగా ఊగే కరెంటును మోయాలంటే ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదిగా ఉండక తప్పదు. కొత్త హెడ్లలో ఎస్‌ఎంపీఎస్ అనే విద్యుత్ సరఫరా ఉంటుంది. అది గోడలోంచి వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి, ఆ డీసీని సెకనుకు లక్ష సార్ల చొప్పున ముక్కలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. తొట్టిలోని నీళ్లను బిందెతో నిదానంగా తోడినా, గ్లాసుతో చకచకా తోడినా గంటలో అన్నే నీళ్లు బయటికి తీయొచ్చు. ఇక్కడ గ్లాసు వేగం బిందె కన్నా రెండు వేల రెట్లు. అందుకే అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ 500 వాట్లు మోస్తుంది.

బరువు తగ్గడంలో రెండో సగం క్లాస్ డీ యాంప్లిఫయర్‌ది. పాత క్లాస్ ఏబీ పద్ధతి పూర్తి జోరులో దాదాపు 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకుంటే, 300 వాట్లు స్పీకర్‌కు పంపేటప్పుడు 200 వాట్లు వేడిగా పోతాయి. ఆ వేడిని బయటికి పంపడానికే కిలోల కొద్దీ అల్యూమినియం హీట్‌సింక్ కావాలి. 90 శాతం సామర్థ్యం ఉన్న క్లాస్ డీలో అదే 300 వాట్లకు పోయేది దాదాపు 33 వాట్లు. చిన్న ఫ్యాన్ సరిపోతుంది. వాల్టర్ వుడ్స్ అనే అమెరికన్ ఇంజినీరు 1970లలోనే తేలికపాటి హెడ్లు చేసి జాజ్ బేసిస్టుల చేతికిచ్చాడు. డెన్మార్క్‌లో బ్యాంగ్ అండ్ ఒలఫ్సెన్ అండతో 1999లో ఐస్‌పవర్ మొదలై, తయారై ఉన్న యాంప్లిఫయర్ మాడ్యూళ్లను అమ్మడం ప్రారంభించాక ఈ విద్య రకరకాల కంపెనీల హెడ్లలోకి చేరింది.

ఇప్పుడు అసలు విషయం, వోల్టులు.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. నిబంధనల ప్రకారం 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 216 నుంచి 244 దాకా. ఎస్‌ఎంపీఎస్ ఈ కరెంటును డీసీగా మార్చినప్పుడు 230ని 1.414తో గుణించాలి, 325 వోల్టులు వస్తుంది. ఆ 325 వోల్టులను నిలబెట్టుకునే కెపాసిటర్లు మామూలుగా 400 లేదా 450 వోల్టుల దాకా తట్టుకునేవి. అంటే భద్రత కోసం వదిలిన జాగా 75 నుంచి 125 వోల్టులు. మామూలు రోజుల్లో అది చాలు.

మామూలు కాని రోజు ఎలా ఉంటుందో చూడండి. క్యాంపస్‌లో బయట స్టేజీ కట్టారు. మూడు ఫేజుల లైన్ తెచ్చి లైట్లకు ఒకటి, సౌండ్‌కు ఒకటి, ఫ్యాన్లకూ కూలర్లకూ ఒకటి పంచారు. ఆ మూడింటికీ న్యూట్రల్ తీగ ఒకటే. ఎక్కడో ఒక జాయింటు దగ్గర టేపు చుట్టిన న్యూట్రల్ ఊడింది. ఆ క్షణాన తక్కువ లోడు ఉన్న ఫేజు మీద వోల్టేజీ 230ని దాటి ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల వైపు ఎగబాకుతుంది. 400ని 1.414తో గుణిస్తే 566. కెపాసిటర్ తట్టుకునేది 450. ఇక పేలడం తప్ప దానికి దారి లేదు. పాత 36 కిలోల హెడ్‌కూ ఇది మంచిది కాదు, కానీ అక్కడ దెబ్బ ముందు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ మీదా, ఫ్యూజు మీదా పడుతుంది. తేలికపాటి హెడ్‌లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు లేదు. గోడ కరెంటు నేరుగా కెపాసిటర్ల దగ్గరికే వచ్చేస్తుంది.

అందుకే స్టేజీ మీద ఏదీ ప్లగ్ చేయకముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీసుకోవాలి. అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌తోనో, సౌండ్ చూసే అన్నతోనో తీయించండి. మీటర్‌ను ఏసీ 600 లేదా 750 వోల్టుల దగ్గర పెట్టాలి. మొదటిది ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య: 216 నుంచి 244 మధ్య ఉండాలి. రెండోది ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య: దాదాపు అంతే రావాలి. మూడోది న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య: రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఈ మూడోదే ముఖ్యం. అక్కడ 20, 30 కనిపిస్తే న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉందన్నమాట, అది సరిచేసేదాకా హెడ్ బ్యాగులోంచి తీయొద్దు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలత నిలకడ లేకుండా 40, 60, 90 అని తిరుగుతుంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. పెద్ద స్టేజీ లైట్లన్నీ ఒకసారి వేయించి, ఆర్పించి మళ్లీ కొలవాలి. జనరేటర్ మీద నడిచే కార్యక్రమంలో లైట్లు ఆరిన క్షణాన వోల్టేజీ ఎగిరిపడుతుంది, మనకు తెలియాల్సింది ఆ అంకే.

స్టెబిలైజర్ కొనమంటారా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో అక్కర్లేదు. వెనక 100–240 వోల్టులు అని రాసి ఉన్న హెడ్ తక్కువ వోల్టేజీని తేలిగ్గా తట్టుకుంటుంది, చంపేది ఎక్కువ వోల్టేజీయే. స్టెబిలైజర్ బరువు కిలోల్లో ఉంటుంది, పైగా ఫేజు ఒక్కసారిగా 400కు ఎగిరితే అందుకోలేదు. దాని బదులు టీవీలకూ ఫ్రిజ్‌లకూ పెట్టే, వోల్టేజీ హద్దు దాటగానే లైన్ కట్ చేసే చిన్న పరికరం ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. అర కిలో కూడా ఉండదు. హెడ్‌తో పాటు అదే బ్యాగులో పెట్టుకోండి.

అమెరికా నుంచి వచ్చిన హెడ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తార్నాక, హబ్సిగూడ ఇళ్లలో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఒక అన్నయ్యో, బాబాయో ఉండడం సర్వసాధారణం. అక్కడ ధర తక్కువ, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువ. సూట్‌కేసులో రెండు కిలోలు పెద్ద లెక్కేమీ కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. హెర్ట్జ్ తేడా ఎస్‌ఎంపీఎస్‌కు పట్టదు, వోల్టుల తేడా మాత్రం ప్రాణాంతకం. చాలా హెడ్లలో 120 వోల్టుల అమరిక అంటే లోపల వోల్టేజీని రెట్టింపు చేసే సర్క్యూట్ ఉందని అర్థం. 120ని రెట్టింపు చేసి డీసీగా మారిస్తే దాదాపు 340 వస్తుంది, అంతా సవ్యంగా ఉంటుంది. అదే అమరికలో 230 ఇస్తే 650 వస్తుంది. ప్లగ్ పెట్టి స్విచ్ వేసిన మరుక్షణమే కథ ముగుస్తుంది.

కాబట్టి అన్నయ్య కొనేముందే వెనక ప్యానెల్ ఫొటో తెప్పించుకోండి. చూడాల్సినవి మూడు. పవర్ కేబుల్ గుచ్చే చోట పక్కన ‘100–240 వి, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. ‘115/230’ అని చిన్న స్లైడ్ స్విచ్ ఉంటే ఇక్కడికి రాగానే, ప్లగ్ పెట్టకముందే, దాన్ని 230 వైపు జరపాలి. ఫ్యూజు విలువ కూడా మారుతుంది, వోల్టేజీ రెట్టింపయితే కరెంటు సగమవుతుంది కాబట్టి 230కి సుమారు సగం ఆంపియర్ల ఫ్యూజు పడుతుంది. ప్యానెల్ మీదే రెండు విలువలూ రాసి ఉంటాయి. మూడో రకం ‘120 వి, 60 హెర్ట్జ్’ అని మాత్రమే రాసి ఉన్నది. దానికి 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 500 వాట్ల హెడ్‌కు కనీసం 750 వీఏ పెట్టాలి, ఆ ఇనప ముద్ద బరువు హెడ్ బరువుకు రెండు మూడింతలుంటుంది. తేలికపాటి హెడ్ కొన్న ప్రయోజనమే పోతుంది, వద్దని చెప్పండి.

ఓమ్‌ల సంగతికి వద్దాం. ఇది చిన్న లెక్కే, కానీ డబ్బులు పోయేది ఇక్కడే. హెడ్ డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే వాట్లు దాదాపు ఎప్పుడూ 4 ఓమ్‌ల క్యాబినెట్‌కు చెప్పినవి. దుకాణంలో దొరికే పన్నెండంగుళాల స్పీకర్ ఒకటి ఉన్న క్యాబినెట్ చాలావరకు 8 ఓమ్‌లది. ఓమ్‌లు రెట్టింపైతే హెడ్ ఇచ్చే వాట్లు సుమారు సగానికి పడిపోతాయి. టోన్ హామర్ 500 ఇచ్చే 500 వాట్లు 4 ఓమ్‌లకు, 8 ఓమ్‌లకు అది ఇచ్చేది 250. లిటిల్ మార్క్ 3 అయితే 500, 300. వార్విక్ నోమ్ 200, 130.

8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే మొత్తం 4 ఓమ్‌లు అవుతుంది, హెడ్ పూర్తి జోరు చూపిస్తుంది. మూడు కలిపితే 2.67, రెండు 4 ఓమ్‌ల క్యాబినెట్లు కలిపితే 2. హెడ్ వెనక ‘కనీసం 4 ఓమ్‌లు’ అని ఉన్నప్పుడు 2 ఓమ్‌లు తగిలిస్తే మంచి హెడ్ తనంతట తాను ఆగిపోతుంది, నాసిరకంది కాలిపోతుంది. ప్రాక్టీసు గదుల్లో, కాలేజీ ఫెస్ట్‌లలో ఎవరి క్యాబినెట్లో పెట్టి ఉంటాయి, తొందరలో తగిలించేస్తాం. వెనక లేబుల్ చదవడానికి పట్టేది ఐదు సెకన్లు. ఇంకో మాట, హెడ్ నుంచి క్యాబినెట్‌కు వెళ్లే కేబుల్ స్పీకర్ కేబులే అయ్యుండాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ లోపల తీగ సన్నం, వేడెక్కి షార్ట్ అయితే హెడ్ దెబ్బతింటుంది. తిప్పి లాక్ చేసే స్పీకాన్ సాకెట్ మాత్రమే ఉన్న హెడ్ తీసుకుంటే ఈ పొరపాటుకు తావే ఉండదు.

ఇప్పుడు వాట్లు. చెవికి తెలిసేది డెసిబెళ్లలో. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లు, వినేవాడికి కాస్త పెరిగిందనిపిస్తుంది. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పదింతల వాట్లు. 300 నుంచి 500 వాట్లకు వెళ్తే పెరిగేది 2.2 డెసిబెళ్లు. 500 నుంచి 800కి వెళ్తే 2. ఆ రెండు డెసిబెళ్ల కోసం పెట్టే అదనపు డబ్బు ఎంతో మీరు ధరల పట్టీ చూస్తే తెలుస్తుంది.

ఒక వాటుకు, మీటరు దూరంలో 96 డెసిబెళ్లు ఇచ్చే 8 ఓమ్‌ల క్యాబినెట్ ఒకటి ఉందనుకుందాం. దానికి 200 వాట్ల చిన్న హెడ్ తగిలిస్తే 130 వాట్లు వెళ్తాయి, మీటరు దూరంలో 117 డెసిబెళ్లు వస్తుంది. ఇది చాలలేదు, ఏం చేయాలి? ఒక దారి 500 వాట్ల హెడ్ కొనడం. అదే క్యాబినెట్‌కు 250 వాట్లు వెళ్తాయి, పెరిగేది 2.8 డెసిబెళ్లు. రెండో దారి చిన్న హెడ్‌నే ఉంచుకుని అలాంటిదే రెండో క్యాబినెట్ కొనడం. అప్పుడు వాట్లు 130 నుంచి 200కి పెరిగి 1.9 డెసిబెళ్లు, రెండు స్పీకర్లు కలిసి గాలిని కదిలించడం వల్ల మరో 3, మొత్తం 4.9. రెండో దారే మేలు. పైగా పని రెండు స్పీకర్ల మధ్య పంచుకోవడం వల్ల ఒక్కోదాని మీద ఒత్తిడి తగ్గుతుంది. డబ్బుంటే క్యాబినెట్ మీద పెట్టండి అని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఈ లెక్కే.

బేస్‌కు ఇంత బలం ఎందుకు కావాలంటే దాని స్వరాలు అంత కిందివి కాబట్టి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఇచ్చే ‘ఈ’ (E) స్వరం 41.2 హెర్ట్జ్. ఐదో తీగ ఉంటే బీ స్వరం దాదాపు 31 హెర్ట్జ్. అదే శబ్దం ఒక స్థాయి కింది స్వరంలో, అంటే సగం హెర్ట్జ్‌లో ఇవ్వాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. చిన్న క్యాబినెట్లు 40 హెర్ట్జ్ కింద పెద్దగా వినిపించవు, కానీ కోన్ మాత్రం వృథాగా కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకని హెడ్‌లో హైపాస్ ఫిల్టర్ ఉందో లేదో అడగండి. 30, 40 హెర్ట్జ్ కింద అనవసరమైన కదలికను అది కోసేస్తుంది. స్పీకర్ బతుకుతుంది, ఉన్న వాట్లు వినిపించే స్వరాలకే ఖర్చవుతాయి.

ఇక చోటు. గదిలో, ఉస్మానియా టాగూర్ ఆడిటోరియంలో, ఆర్ట్స్ కాలేజీ ముందు ఆరుబయట ఒకే హెడ్ మూడు రకాలుగా మోగుతుంది. 1939లో ప్రారంభమైన ఆ రాతి కట్టడం ముందు స్టేజీ వేస్తే ఎదురుగా అంతా ఖాళీ. వెనక్కి కొట్టడానికి గోడ లేదు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్లు పోతాయి. మీటరు దూరంలో 117 ఉన్నది 8 మీటర్లకు 99, 32 మీటర్లకు 87. డ్రమ్స్ దగ్గరే 100 దాటుతుంది. కాబట్టి అంత దూరంలోని జనానికి మీ క్యాబినెట్‌తో బేస్ వినిపించాలనుకోవడం 800 వాట్లతోనూ సాధ్యం కాదు. అక్కడ వినిపించేది పీఏ సిస్టమ్. హెడ్ వెనక ఉన్న డీఐ అవుట్ నుంచి కేబుల్ మిక్సర్‌కు వెళ్తుంది, మీ క్యాబినెట్ మీకూ డ్రమ్మర్‌కూ వినిపిస్తే చాలు. ఇక్కడి సౌండ్ అన్నలు ఈ విషయం ఎప్పుడూ ఒకటే మాటలో చెప్పేస్తారు: “తమ్మీ, నీ బాక్స్ నీకు ఇనపడితే చాలు, లైన్ నాకియ్యి, మిగతాది నేను చూస్కుంట.” 200 నుంచి 350 వాట్ల హెడ్ క్యాంపస్ బేసిస్టుకు సరిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి వాదన నాకు తెలియదు. అందుకే డీఐ నాణ్యతను వాట్ల కన్నా ముందు చూడండి. దాని పక్కన గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్, ఈక్వలైజర్‌కు ముందా తర్వాతా అని ఎంచుకునే స్విచ్ ఉండాలి.

గదిలో సమస్య తలకిందులవుతుంది. 41 హెర్ట్జ్ అలల పొడవు ఎనిమిది మీటర్లకు పైనే. తార్నాకలో మామూలు అద్దె గది పన్నెండడుగుల పొడవు, అంటే 3.66 మీటర్లు. అలాంటి గది 47 హెర్ట్జ్ దగ్గర తానే గుమ్మని మోగుతుంది. మీరు హెడ్ బాగోలేదనుకుంటారు, నిజానికి మోగేది గది. కొత్త హెడ్ తీసుకుని గదిలో విని నిరాశపడకండి, ఈక్వలైజర్‌లో లో తగ్గించి, క్యాబినెట్‌ను మూలలోంచి లాగి మళ్లీ వినండి.

పొరుగువాళ్ల సంగతీ లెక్కే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు హద్దు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి ఉంది, యూనివర్సిటీ ఉంది, ఈ అంకెలు మనకు వర్తించనివి కావు. ఆ హద్దులను కొలిచేది ‘ఏ’ రకం డెసిబెళ్లలో. ఆ కొలత చెవి తీరును అనుసరించి 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెళ్లు తగ్గించి చూపిస్తుంది. మీటర్‌లో హద్దు లోపే ఉన్నా పక్క ఫ్లాటులో మంచం అదురుతూ ఉండొచ్చు. మీటరు చూపించి వాదించేకన్నా హెడ్‌ఫోన్ సాకెట్ ఉన్న హెడ్ కొనుక్కోవడం మర్యాద.

ఎన్నేళ్లు బతుకుతుందో అంచనా వేయడానికి ఒక సూత్రం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో ముందు ముసలిదయ్యేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. మామూలు రకం 105 డిగ్రీల వేడిలో 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారు చెబుతాడు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో బయట 42 డిగ్రీలు, హెడ్ లోపల మరో 33 కలిపి 75 అనుకుంటే 30 డిగ్రీలు తగ్గినట్టు, అంటే ఎనిమిది రెట్లు, 16,000 గంటలు. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి లోపల 95 డిగ్రీలు ఉంటే 4,000 గంటలే. వారానికి ఆరు గంటలు వాయించే విద్యార్థికి ఆ 4,000 గంటలు కూడా పన్నెండేళ్లు వస్తాయి. రోజుకు ఎనిమిది గంటలు నడిపే ప్రాక్టీసు స్టూడియోకు ఏడాదిన్నర కూడా రావు. విద్యార్థి చేతిలో హెడ్ ముసలితనంతో చావడం అరుదు, ప్రమాదంతోనే పోతుంది. అందుకే ముందుగా వోల్టేజీ గురించి అంత వివరంగా చెప్పాల్సి వచ్చింది. స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఫ్యాన్ శుభ్రం చేయడాన్ని నెలవారీ పనిగా పెట్టుకోవాలి.

ప్రమాదాల్లో రెండో రకం కుదుపు. బండి ముందు పెట్టుకుని గతుకుల్లో తెచ్చిన హెడ్‌లో సోల్డరింగ్ జాయింట్లు వదులవుతాయి. గిటార్ కేబుల్ గుచ్చే జాక్ నేరుగా సర్క్యూట్ బోర్డు మీదే నిలబడి ఉందా, ఇనప ఒంటికి నట్‌తో బిగించి ఉందా చూడండి. కేబుల్ పెట్టి మెల్లగా అటూ ఇటూ కదిపితే తెలిసిపోతుంది, బిగించినది కదలదు. మందపాటి స్పాంజి ఉన్న బ్యాగు హెడ్ ధరలో చిన్న భాగం, దాన్ని పొదుపు చేయొద్దు.

పాడైతే ఎవరు బాగుచేస్తారన్నది కొనేముందే అడగాల్సిన ప్రశ్న. పాత యాంప్‌లలో ఒక్కో భాగం విడిగా కనపడేది, కోఠీలో సామాను దొరికేది, చేయి తిరిగిన మెకానిక్ సర్క్యూట్ పటం లేకపోయినా బాగుచేసేవాడు. తేలికపాటి హెడ్లలో భాగాలు ఆవగింజంత, బోర్డుకు రెండు వైపులా అంటించి ఉంటాయి. అక్కడ మరమ్మతు అంటే ఎక్కువసార్లు మాడ్యూల్ మొత్తం మార్చడమే. కాబట్టి దుకాణదారుణ్ని మూడు విషయాలు అడగండి: లోపల పవర్ మాడ్యూల్ ఎవరిది, వారంటీలో హెడ్ ఎక్కడికి పంపాలి, ఎన్ని వారాల్లో తిరిగొస్తుంది. ఐస్‌పవర్ లాంటి పేరున్న మాడ్యూల్ వాడిన హెడ్‌కు ఆ కంపెనీ మూతపడ్డా మాడ్యూల్ దొరికే అవకాశం ఉంటుంది. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని దుకాణంలో ఎంత తగ్గింపు ఇచ్చినా నేనైతే కొనను.

కొనే రోజున మీ గిటార్, మీ క్యాబినెట్ తీసుకెళ్లండి. ఇరవై నిమిషాలు, మీరు స్టేజీ మీద వాయించేంత జోరుగా వాయించండి. చివర్లో హెడ్ పైన అరచేయి పెట్టండి, వెచ్చగా ఉండాలి, చేయి నిలవనంత వేడి ఉండకూడదు. ఫ్యాన్ తిరుగుతోందో వినండి. ఏమీ వాయించకుండా వాల్యూమ్ పెంచి బుస్సుమనే శబ్దం ఎంతుందో చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ఒక్క మాట మాత్రం దయచేసి మనసులో పెట్టుకోండి. హమ్ వస్తోందని ప్లగ్‌కు ఉన్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, రెండు పిన్నుల ప్లగ్ మార్చడం మన స్టేజీల మీద ఇంకా జరుగుతూనే ఉంది. అలా చేసినప్పుడు హెడ్‌లో ఏ చిన్న లోపం వచ్చినా గోడ కరెంటు గిటార్ తీగల మీదికి రావొచ్చు, గిటార్ పట్టుకుని పాడేవాడి పెదవి మైకుకు తగిలిన క్షణాన అది అతని ఒంట్లోంచి వెళ్తుంది. హమ్ పోవాలంటే డీఐ దగ్గరున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి, అది చాలకపోతే హెడ్‌కూ మిక్సర్‌కూ లైన్ ఒకే బోర్డు నుంచి ఇమ్మనండి. ఎర్త్ పిన్ విరిగిన ప్లగ్ మీ బృందంలో ఎవరి దగ్గరున్నా ఈ వారమే మార్పించండి.